షుగర్ ఉన్నవారు ఎముకల బలాన్ని ఎలా అంచనా వేసుకోవాలి, ఎలా కాపాడుకోవాలి

మధుమేహం ఉన్నవారికి కన్ను, మూత్రపిండం, పాదం పరీక్ష చేయించుకోవాలని వైద్యులు ఏటా గుర్తు చేస్తారు గానీ, ఎముకల మాట ఎత్తేవారు తక్కువ. అందుకు కొంత కారణం ఉంది. టైప్ 2 మధుమేహంలో ఎముక సాంద్రత పరీక్ష ఫలితం మామూలుగానే, కొన్నిసార్లు వయసుకు మించి బాగానే కనిపిస్తుంది. అయినా అదే వయసు, అదే సాంద్రత ఉండి షుగర్ లేనివారితో పోల్చినప్పుడు వీరికి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. టైప్ 1లో సాంద్రత కూడా తగ్గుతుంది, తుంటి విరిగే ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. కాబట్టి షుగర్ ఉన్నవారు రిపోర్టులోని అంకె ఒక్కదాన్నే నమ్ముకొని ఎముకల విషయంలో నిశ్చింతగా ఉండకూడదు. ఆ అంకెతో పాటు ఇంకేమేమి చూడాలో, ఇంట్లో ఏమి చేసుకోవచ్చో, వైద్యుణ్ణి ఏమేమి అడగాలో ఇక్కడ వివరంగా చూద్దాం.

ఎముక లోపల జరిగేది

ఎముకలో కాల్షియం, ఫాస్ఫరస్ కలిసిన ఖనిజం ఒక భాగమైతే, దాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు మరొక భాగం. స్లాబులో కాంక్రీటు బరువును మోస్తే ఇనుప చువ్వలు వంపును తట్టుకున్నట్లు, ఖనిజం ఎముకకు గట్టిదనాన్ని, కొల్లాజెన్ కొద్దిపాటి సాగే గుణాన్ని ఇస్తాయి. రక్తంలో గ్లూకోజ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది కొల్లాజెన్‌కు అంటుకొని, పోగుల మధ్య అక్కరలేని అడ్డు బంధాలు ఏర్పడతాయి. దానితో పోగులు బిరుసెక్కి, దెబ్బ తగిలినప్పుడు కాస్త వంగి తట్టుకోవలసిన ఎముక పుటుక్కున విరుగుతుంది. సాంద్రతను కొలిచే డెక్సా యంత్రానికి కనిపించేది ఖనిజం మాత్రమే, కొల్లాజెన్ పాడైన సంగతి దానికి తెలియదు.

మనకు బాగా అలవాటైన హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది కూడా ఇలాంటి చర్యనే, కాకపోతే అక్కడ గ్లూకోజ్ అంటుకునేది హిమోగ్లోబిన్‌కు. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు గనుక ఆ పరీక్ష గడచిన రెండు మూడు నెలల లెక్క మాత్రమే చెబుతుంది. ఎముకలోని కొల్లాజెన్ మారడానికి ఏళ్లు పడుతుంది. ఈ మధ్యే షుగర్ అదుపులోకి వచ్చి హెచ్‌బీఏ1సీ 6.8కి దిగినా, అంతకు ముందు పదేళ్లు అది 9 దగ్గర నడిచి ఉంటే ఆ నష్టం ఎముకలో ఇంకా మిగిలే ఉంటుంది. పాత రిపోర్టుల ఫైలు పారేయకుండా దాచుకోవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కరలేదు.

మామూలు ఎముకలో పాతదాన్ని తొలిచే కణాలు, కొత్తదాన్ని పోసే కణాలు ఎప్పటికప్పుడు మరమ్మతు చేస్తూనే ఉంటాయి. టైప్ 2 మధుమేహంలో ఈ మరమ్మతు మొత్తంగా మందగిస్తుంది. సన్నని పగుళ్లు పూడకుండా మిగిలిపోతాయి, ఎముక పైపొరలో సూక్ష్మ రంధ్రాలు పెరుగుతాయి.

షుగర్ ఇంకా బయటపడని ఇన్సులిన్ రెసిస్టెన్స్ దశకు కూడా దీనిలో పాత్ర ఉంది. ఎముకను పోసే కణాల మీద ఇన్సులిన్ గ్రాహకాలు ఉంటాయి. సహజంగా ఇన్సులిన్ ఎముక పెరుగుదలకు తోడ్పడే హార్మోనే. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకొని శరీరం ఇన్సులిన్‌కు సరిగ్గా స్పందించని స్థితిలో మూలుగులో కొవ్వు పెరగడం, శరీరమంతటా సన్నపాటి వాపు ప్రక్రియ సాగడం, విటమిన్ డి కొవ్వులో చిక్కుకొని రక్తంలో తగ్గడం ఒకదానితో ఒకటి కలుస్తాయి. బరువెక్కువ కావడం వల్ల సాంద్రత ఎక్కువగా కనిపించినా, మోయవలసిన బరువుతో పోల్చి చూస్తే ఎముక బలం తక్కువే. మన ప్రాంతాలలో చాలామందికి కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉంటుంది. దక్షిణాసియా వారికి నడుము కొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉందేమోనని పరీక్షించుకోవడం మంచిది. కండ తక్కువగా ఉండటం గ్లూకోజ్‌కూ, ఎముకకూ నష్టమే.

స్కాన్‌కు ముందు మీరే చూసుకోవలసినవి

షుగర్ వచ్చి పదేళ్లు దాటడం, హెచ్‌బీఏ1సీ చాలాకాలంగా 8కి పైన ఉండటం, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడుతూ తరచూ షుగర్ పడిపోవడం, అరికాళ్ల తిమ్మిరి, కంటి రెటీనా దెబ్బతినడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం, గత ఏడాదిలో ఒక్కసారైనా పడిపోవడం – వీటిలో రెండు మూడు ఉంటే మీ ఎముకలకు ముప్పు ఎక్కువని లెక్క వేసుకోవచ్చు. నిలబడిన ఎత్తు నుంచి జారి పడినంత మాత్రాన మణికట్టు, భుజం లేదా తుంటి విరిగి ఉంటే ఇక స్కాన్ కోసం ఎదురుచూడకుండా ఎముకల బలహీనత ఉన్నట్లే భావించి వైద్యుణ్ణి కలవాలి. అమ్మకో నాన్నకో తుంటి విరిగిన చరిత్ర ఉన్నా, నలభై అయిదేళ్లలోపు నెలసరి ఆగిపోయినా, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసివేయించుకున్నా ఆ విషయం తప్పకుండా చెప్పాలి.

ఎత్తు కొలుచుకోవడం ఖర్చులేని పరీక్ష. ఉదయం పూట చెప్పులు లేకుండా గోడకు మడమలు, పిరుదులు ఆనించి నిలబడి, ఒకరి చేత తలమీద గట్టి పుస్తకాన్ని గోడకు ఆనేలా అడ్డంగా పెట్టించి పెన్సిల్‌తో గీత గీయించాలి. ఆధారం కోసం పాత పాస్‌పోర్టో, ఉద్యోగంలో చేరినప్పటి వైద్య పరీక్ష కాగితమో వెతికితే దొరుకుతుంది. యవ్వనంలోని ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు, లేదా రెండు మూడేళ్లలోనే 2 సెంటీమీటర్లు తగ్గినట్లు తేలితే వెన్నుపూస నొప్పి తెలియకుండానే కుంగి ఉండవచ్చు, వెన్నుకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించమని అడగాలి. వెన్నుపూస విరిగిన సందర్భాలలో చాలావాటిని ‘వయసు మీద పడిన నడుము నొప్పి’ అని వదిలేస్తారు.

తరువాత చేతులు గుండెల మీద కట్టుకొని కుర్చీలోంచి అయిదు సార్లు లేచి కూర్చోండి. ఎవరినైనా పక్కన నిలబెట్టుకొని చేయడం మంచిది. 15 సెకన్లకు మించితే తొడ కండరాలు బలహీనంగా ఉన్నాయని, పడే ప్రమాదం ఉందని అర్థం.

స్కాన్‌ను సరిగ్గా చదవడం

ముందుగా ఒక హెచ్చరిక. మందుల దుకాణాల దగ్గర, అపార్టుమెంట్లలో జరిగే ఉచిత శిబిరాలలో మడమను చిన్న యంత్రంలో పెట్టి ఎముకల పరీక్ష అని చేసేది అల్ట్రాసౌండ్. దానిలో వచ్చే టీ-స్కోరును (ఆరోగ్యంగా ఉన్న యువ వయస్కులతో పోలిస్తే మీ ఎముక ఎంత తేడాగా ఉందో చెప్పే అంకెను) డెక్సా టీ-స్కోరుగా భావించి మందులు మొదలుపెట్టకూడదు, ‘బాగుంది’ అన్నందుకు ధీమా పడనూ కూడదు. నిర్ధారణకు కావలసినది తుంటికి, నడుము వెన్నుకు చేసే డెక్సా. షుగర్ ఉన్నవారిలో 65 ఏళ్లు దాటిన అందరూ, 50 దాటి పైన చెప్పిన ముప్పులు ఉన్నవారు దీనిని చేయించుకొని, రెండు మూడేళ్లకొకసారి మళ్లీ చూసుకోవడం మంచిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం టీ-స్కోరు -1 లేదా ఆపైన ఉంటే మామూలు, -1కి -2.5కి మధ్య ఉంటే సాంద్రత తక్కువ, -2.5 లేదా అంతకంటే కిందికి దిగితే ఎముకలు గుల్లబారినట్లు. షుగర్ ఉన్నవారికి ఈ గీతలను అలాగే వర్తింపజేస్తే ప్రమాదం తక్కువగా కనిపిస్తుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2024 ప్రమాణాలలో, వయసు మళ్లిన మధుమేహులలో టీ-స్కోరు -2.0 దగ్గరే చికిత్స గురించి ఆలోచించమని సూచించడానికి కారణం ఇదే. పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని లెక్కగట్టే ఫ్రాక్స్ అనే సాధనానికి భారతదేశపు నమూనా కూడా ఉంది. కానీ దానిలో టైప్ 2 మధుమేహానికి గడి లేదు. ఆ లోటు పూడ్చడానికి వైద్యులు కీళ్లవాతం ఉందా అన్న ప్రశ్నకు ‘అవును’ అని గుర్తుపెట్టడమో, టీ-స్కోరును మరో 0.5 తగ్గించి వేయడమో చేస్తారు. మీ వైద్యుడు ఫ్రాక్స్ వాడితే ఈ సవరణ చేశారా అని అడగడంలో తప్పులేదు.

రిపోర్టు చేతికి వచ్చాక వెన్ను అంకె కంటే తుంటి అంకెను, ముఖ్యంగా తొడ ఎముక మెడ భాగాన్ని ముందు చూడండి. వయసు పైబడిన షుగర్ రోగులలో వెన్నుపూసల అంచులకు ఎముక మొలకలు రావడం, వెన్ను ముందు సాగే పెద్ద ధమని గోడలో కాల్షియం పేరుకోవడం సాధారణం, అవన్నీ కలిసి వెన్ను సాంద్రతను లేనిదాన్ని ఉన్నట్టు చూపుతాయి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల వంటి ఫ్లోరైడ్ ప్రాంతాలలో బావి, బోరు నీళ్లు తాగి పెరిగినవారు ఈ సంగతి తప్పక చెప్పాలి. ఫ్లోరోసిస్‌లో ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది, కానీ బలంగా ఉండదు. షుగర్ కూడా తోడైతే రెండు రకాల బూటకపు ధీమా ఒకే కాగితం మీద పడుతుంది.

డెక్సాతో పాటు రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, థైరాయిడ్ చూడటం పరిపాటి. టైప్ 1 ఉన్నవారిలో గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఎక్కువ గనుక సన్నబడుతూ, రక్తం తక్కువగా ఉంటే దానికీ పరీక్ష చేయించాలి.

మాత్రల పట్టీ వెనుక రాసి ఉన్నది చదవండి

మన దేశంలో షుగర్ మాత్రలు రెండు మూడు మందులు కలిపి ఒకే బిళ్లగా వస్తాయి కాబట్టి బ్రాండు పేరు బట్టి లోపలేముందో తెలియదు. పట్టీ వెనుక సన్నని అక్షరాలలో పయోగ్లిటజోన్ అని ఉందేమో చూడండి. ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను బాగా తగ్గించే చవకైన మందే అయినా, ఇది మూలుగులోని మూలకణాలను ఎముక కణాలుగా కాక కొవ్వు కణాలుగా మారేలా మళ్లిస్తుంది. స్త్రీలలో, ముఖ్యంగా నెలసరి ఆగినవారిలో ఎముకలు విరిగే ప్రమాదాన్ని పెంచుతుంది. ఇప్పటికే ఎముకలు బలహీనంగా ఉన్నవారికి ఇది తగదని నా అభిప్రాయం, కానీ మీ అంతట మీరు ఆపకుండా వైద్యుని చేత మార్పించుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఎముకలకు హాని చేయదు. దీర్ఘకాలం వాడితే విటమిన్ బి12 తగ్గి, కాళ్ల తిమ్మిరి పెరిగి, నడక తడబడవచ్చు గనుక బి12 చూపించుకోవాలి. షుగర్‌ను మూత్రం ద్వారా బయటకు పంపే కానాగ్లిఫ్లోజిన్‌తో ఒక పెద్ద పరిశోధనలో ఎముకలు విరగడాలు పెరిగాయి, మరొక దానిలో పెరగలేదు. బలహీనమైన ఎముకలు ఉన్నవారికి ఆ మందు విషయంలో జాగ్రత్త అవసరం. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లతో బరువు వేగంగా తగ్గినప్పుడు కండ, ఎముక కూడా కొంత తగ్గుతాయి కాబట్టి మాంసకృత్తులు, బరువులతో వ్యాయామం మానకూడదు.

షుగర్ మందులకంటే ఎక్కువ చెరుపు చేసేది వేరొకటి ఉంది. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి పేరు లేని పొట్లాలలో ఇచ్చే పొడులలో, మోకాలి నొప్పికి ఊళ్లో మాటిమాటికి వేయించుకునే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉండవచ్చు. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది, ఎముకను తినేస్తుంది. ‘ఒక్క డోసుతో నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది, షుగర్ మాత్రం ఎందుకో 300 దాటింది’ అని ఎవరైనా అంటే ముందు దాన్నే అనుమానించాలి. ఏళ్ల తరబడి పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవారు కూడా అది నిజంగా అవసరమా అని ఒకసారి అడగడం మంచిది.

పడకుండా ఉండటం

తుంటి విరిగేది చాలావరకు పడటం వల్లే. రక్తంలో షుగర్ 70కి దిగినప్పుడు కళ్లు తిరుగుతాయి. రాత్రి మూత్రానికి రెండు మూడు సార్లు లేవవలసి వస్తుంది. అరికాలికి స్పర్శ తెలియదు, రెటీనా దెబ్బతింటే మసక వెలుతురులో గడప కనిపించదు. బీపీ, ప్రోస్టేట్ మాత్రలు వేసుకునేవారికి లేచిన వెంటనే బీపీ పడిపోతుంది. ఈ అయిదూ కలిసే చోటు మంచానికి, బాత్రూముకు మధ్య దారి. అందుకే మార్పు అక్కడి నుంచే మొదలుపెట్టండి: సన్నని రాత్రి బల్బు, గడప మీద రంగు పట్టీ, మరుగుదొడ్డి పక్కన గోడకు పట్టుకునే స్టీలు కమ్మీ, వెనుక పట్టీ ఉన్న చెప్పులు. లేచే ముందు మంచం అంచున కాళ్లు కిందికి వేసి ఒక నిమిషం కూర్చోవాలి. పొద్దున్నే నేల తుడిచిన తడి ఆరేదాకా ఇంట్లో పెద్దవాళ్లను ఆ గదిలోకి రానివ్వకూడదు.

డెబ్బై దాటి, ఇన్సులిన్ మీద ఉన్న పెద్దవాళ్లకు హెచ్‌బీఏ1సీ 6.5కి దించాలని పట్టుబట్టడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఆ వయసులో, మిగతా జబ్బులు కూడా ఉన్నవారికి 8 లోపు చాలని వైద్యులు తరచూ అంగీకరిస్తారు. ఏకాదశి, శనివారం ఒంటిపూట, రంజాన్ ఉపవాసాలు పాటించేవారు మందుల మోతాదును ముందే మార్పించుకోవాలి.

తిండి, ఎండ, వ్యాయామం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించి, ఐసీఎంఆర్ 2020లో ప్రకటించిన సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రాగులలో 100 గ్రాములకు సుమారు 360 మిల్లీగ్రాములు ఉన్న మాట నిజమే గానీ, రోజూ తాగే జావలో పడేది 30 గ్రాముల పిండి, అంటే సుమారు 110 మిల్లీగ్రాములు. అది అరగ్లాసు పాలలో ఉన్నంతే. పైగా పలుచని జావ షుగర్‌ను త్వరగా పెంచుతుంది, కూరతోనో పప్పుతోనో తినే రాగి రొట్టె నయం. రెండు పూటలా పెద్ద కప్పు పెరుగు, అన్నంలో చెంచాడు నువ్వుల పొడి, మునగాకు పప్పు, తినేవారికి ముళ్లతో సహా నమిలే మెత్తళ్లు, చిన్న పరిగెలు కలిస్తే లెక్క చాలావరకు సరిపోతుంది. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ గనుక దానిలోని కాల్షియం ఒంటికి పట్టదు. మిగిలిన లోటుకే మాత్ర. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించకుండా, కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం ఇవ్వాలి.

విటమిన్ డి కోసం పొద్దు పొడవగానే లేత ఎండలో నడిచే అలవాటు చాలామందికి ఉంది. నడక మంచిదే, కానీ విటమిన్ డి తయారుచేసే కిరణాలు ఆ వేళ దాదాపు ఉండవు. ఉదయం పదింటి తరువాత, చేతులు కాళ్లు కనబడేలా అరగంట కావాలి, ఎండాకాలంలో మాత్రం తక్కువ సేపు చాలు. 60,000 యూనిట్ల సాచెట్ లేదా గుళిక వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు ఇచ్చి తరువాత నెలకొకటికి తగ్గించడం మామూలు పద్ధతి. ఆ తగ్గించే మాట మరచి ఏడాదంతా వారం వారం వేసుకుంటే కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు. ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన పరిశోధనలో పెద్దవయసు స్త్రీలలో పడిపోవడాలు, ఎముకలు విరగడాలు పెరిగాయే తప్ప తగ్గలేదు.

వ్యాయామంలో నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేవడం, వంటగది గట్టు పట్టుకొని మునివేళ్ల మీద లేవడం, నీళ్ల సీసాలు లేదా రబ్బరు పట్టీలతో చేతులకు పని పెట్టడం చేయాలి. వెన్నుపూస ఇప్పటికే కుంగి ఉంటే పశ్చిమోత్తానాసనం, పాదహస్తాసనం వంటి ముందుకు వంగే ఆసనాలు మానాలి. రెటీనాలో కొత్త రక్తనాళాలు వచ్చినవారు ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు.

మందు అవసరమైనప్పుడు

ఎముక అరిగిపోకుండా ఆపే ఆలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర వారానికొకసారి వేసుకుంటారు. షుగర్ ఉన్నవారు దీనిలో వేళను జాగ్రత్తగా సర్దుకోవాలి. లేవగానే పరగడుపున ఒక గ్లాసు మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా, కాఫీ గానీ మరే మాత్ర గానీ వేసుకోకుండా ఉండాలి. ఆ అరగంట గడిచాకే ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్, ఆ వెంటనే టిఫిన్. ముందు ఇన్సులిన్ పొడుచుకొని తరువాత ఈ మాత్ర గుర్తుకు వచ్చి అరగంట ఆగితే షుగర్ పడిపోతుంది, కాబట్టి ఆ రోజుకు మాత్ర వదిలేసి మర్నాడు వేసుకోవడం మేలు. మూత్రపిండాల పనితీరును చెప్పే అంకె (రిపోర్టులో ఈజీఎఫ్ఆర్) 35 కంటే తక్కువగా ఉన్నవారికి ఇదీ, ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ కూడా తగవు. ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ అనే ఎముకల ఇంజెక్షన్‌ను మధ్యలో మానేస్తే కొద్ది నెలలలోనే వెన్నుపూసలు వరుసగా విరిగే ప్రమాదం ఉంది. తరువాతి తేదీని క్యాలెండరులో రాసుకోలేని పరిస్థితి ఉంటే ఆ మందు మొదలుపెట్టకపోవడమే నయం. ఇవి మొదలుపెట్టే ముందు పన్ను పీకించవలసినవి ఉంటే ఆ పని పూర్తిచేసుకోవాలి.

ఒక పాదం మాత్రమే వాచి, ఎర్రబడి, రెండో పాదం కంటే వేడిగా ఉండి, నొప్పి పెద్దగా లేకపోతే దాన్ని వాతమనో, చీమనో పురుగో కుట్టిందనో అనుకోకూడదు. తిమ్మిరి ఉన్న షుగర్ పాదంలో ఎముకలు నిశ్శబ్దంగా నలిగిపోయే చార్కాట్ పాదం ఇలాగే మొదలవుతుంది, మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండవచ్చు. ఆ రోజు నుంచే ఆ కాలి మీద బరువు మోపకుండా వైద్యుణ్ణి చేరాలి.

తుంటి విరిగి ఆపరేషను జరిగితే షుగర్ ఉన్నవారికి ఎముక అతుక్కోవడం నెమ్మదిస్తుంది, గాయానికి చీము పట్టే ప్రమాదమూ ఎక్కువ. ప్లేటో, రాడ్డో వేసి ఇంటికి పంపే రోజున కుటుంబసభ్యులు మూడు విషయాలు అడిగి కాగితం మీద రాయించుకోవాలి: ఇంట్లో షుగర్ ఎంతలో ఉంచాలి, ఎముకలు గుల్లబారకుండా మందు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఫిజియోథెరపీ ఎవరు చేయిస్తారు. ఒకసారి విరిగినవారిలో మళ్లీ ఎముక విరిగే ప్రమాదం మొదటి రెండేళ్లలోనే ఎక్కువ గనుక రెండో ప్రశ్నకు ‘తరువాత చూద్దాం’ అన్న జవాబు వస్తే, ఏ తేదీన చూస్తారో అక్కడే అడగాలి.